ఊరి ఉమ్మడి భూములు – వేసవిలో వచ్చు మట్టి సహాయకుడు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రబీ పంటలు ఇంటికి చేరి, తొలకరి ఇంకను రాని రెండు మాసముల కాలములో మీ గ్రామములకు ఒక యువకుడో, యువతియో వచ్చుట మీరు చూచియే యుందురు. చేత పార, మట్టిని తొలిచి తీయు ఇనుప బర్మా, భుజమున ఒక సంచి, అందులో గుడ్డ సంచులు, కొలత పట్టీ, పెన్సిలు, ఒక నీళ్ల సీసా ఉండును. వారు ఊరిలో ఒక పూటయో, ఎక్కువైనచో రెండు మూడు దినములో ఉందురు. బీటిలో అక్కడక్కడ త్రవ్వుదురు. ఏమో వ్రాసికొందురు. మట్టిని మూటలు కట్టుకొని వెళ్లిపోవుదురు. వానలు పడగానే వారి పని ముగియును. చాలమందికి ఉద్యోగము కూడ దానితోనే ముగియును. భూసార పరీక్ష కొరకును, మృత్తికా సర్వే కొరకును ఇట్లు ఋతువునుబట్టి నియమింపబడు క్షేత్ర సహాయకులను గూర్చియు, వారు మన ఉమ్మడి భూములలో చేయు పనిని గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచినాను.

ఇది సాగు చేయు రైతులకు సంబంధించిన సంగతి గదా, పంచాయతీ సభ్యులకు ఇందులో పనియేమి అని మీలో కొందరు అనుకొనవచ్చును. పట్టా భూమి విషయములో ఆ మాట కొంతవరకు నిజమే. పట్టా భూమికి ఒక యజమాని ఉన్నాడు. తన చేనిలో మట్టి తీసికొని పోయినవాడు ఫలితము పంపనిచో అతడు అడుగును. 2015 ఫిబ్రవరి 19వ తేదీన రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకము గూడ సాగుదారుల కమతములను దృష్టిలో నుంచుకొని రూపొందినదే. నీటి వసతి గల చోట రెండున్నర హెక్టారులకు ఒకటి, వర్షాధారపు మెట్టలో పది హెక్టారులకు ఒకటి చొప్పున నమూనా తీసి, పండ్రెండు అంశములు పరీక్షించి, రైతు పేరున కార్డు ఇచ్చుట దాని పద్ధతి. మరి పశువుల బీడు, పోరంబోకు, గుట్ట వాలు, చెరువు గర్భము, డొంక ప్రక్కనున్న మేటలు, వీనికి రైతు ఎవరు? కార్డు ఎవరి పేరున వ్రాయుదురు? ఊరందరిది అయిన భూమి ఎవరిదియు కానిదిగా మిగిలిపోవుట మన గ్రామములలో నిత్యము చూచుచున్న విషయమే. ఆ భూమి పక్షమున అడుగవలసిన వారు మీరు తప్ప మరియొకరు లేరు.

రాజ్యాంగము గూడ ఈ బాధ్యతను గుర్తించినది. 1992లో జరిగిన 73వ సవరణతో చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములున్నవి. మొదటిది వ్యవసాయము. రెండవదానిలోనే భూమి అభివృద్ధితో పాటు నేల సంరక్షణ చేర్చబడినది. ఆరవది సామాజిక అటవీకరణ. పండ్రెండవది ఇంధనము, పశుగ్రాసము. ఈ మూడింటిలో ఏ ఒక్కటి గూడ ఉమ్మడి భూమిలోని మట్టిని ఎరుగకుండ సాగునది కాదు.

ఇక పనిలోనికి వత్తము. ఒక హెక్టారు నేలలో పైనున్న 15 సెంటీమీటర్ల పొర సుమారు 22 లక్షల కిలోల బరువు తూగునని శాస్త్రజ్ఞులు లెక్క వేసినారు. పది హెక్టారుల బీడునకు ఒక్క నమూనా తీసినచో, ఆ నమూనా 2 కోట్ల 20 లక్షల కిలోల మట్టికి ప్రతినిధి. నమూనా బరువు అర కిలో. ప్రయోగశాలకు చేరిన పిదప సేంద్రియ కర్బనమును కనుగొనుటకు అందులోనుండి తీసికొనునది ఒక్క గ్రాము. ఆ గ్రాము మట్టి ఇచ్చిన అంకెను నమ్మి మనము మొక్కలు నాటుదుము, గడ్డి చల్లుదుము, కట్టలు వేయుదుము, సొమ్ము వెచ్చింతుము. మీరు ఓట్లు లెక్కించిన చోట కూర్చున్నవారే గదా! ప్రతినిధిని సరిగా ఎన్నుకొననిచో ఏమగునో మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రయోగశాలలోని యంత్రములు ఎంత మంచివైనను, పొలములో తప్పుగా తీసిన మట్టిని అవి సరిదిద్దలేవు. బీటిలో మట్టి తీయుట చేనిలో తీయుటకంటె కష్టతరము. చేను దున్నబడి, ఎరువు పరచబడి కొంతవరకైనను ఒక్కతీరుగా ఉండును. బీడు అట్లుండదు. మధ్యాహ్నపు వేళ పశువులు మందగా నిలుచు చెట్టు నీడలో ఏండ్ల తరబడి పేడ, మూత్రము చేరి నేల బలిసి ఉండును. నాలుగు బారల అవతల అదే బీడు ఎముకలు తేలినట్లు గులకరాళ్లు బయటపడి ఉండును. బాట ప్రక్కన దుమ్ము, పల్లములో ఒండ్రు, పాత పెంటకుప్ప ఉన్నచోట నల్లని మట్టి, ఇటుక బట్టీ కాల్చినచోట బూడిద. వీనిలో ఏది బీడునకు ప్రతినిధి? ఏ ఒక్కటియు కాదు. అందువలన నియమమేమనగా, బీటిని ముందుగా నేల రంగునుబట్టి, వాలునుబట్టి, మొలచిన గడ్డినిబట్టి భాగములుగా విడదీయవలెను. ఒక్కొక్క భాగములో అడ్డదిడ్డముగా నడచుచు పది పదునైదు చోట్ల మట్టి తీయవలెను. చెట్ల క్రింద, గట్ల మీద, బాటల ప్రక్క, పశువుల మంద నిలుచు చోట, నీరు నిలిచిన చోట తీయరాదు.

ప్రతి చోటను పైనున్న ఆకు అలమును చేతితో తొలగించి, పారతో ఆంగ్ల అక్షరమైన ‘వి’ ఆకారములో 15 సెంటీమీటర్ల లోతున గుంట తీసి, దాని ఒక ప్రక్కనుండి పైనుంచి క్రింది వరకు సమానమైన మందముతో రెండు వ్రేళ్ల వెడల్పున పలక తీయవలెను. ఇదియంతయు ప్లాస్టికు బకెట్టులో చేర్చవలెను. జింకు పూత గల రేకు బకెట్టు పనికిరాదు; మట్టిలో లేని జింకు బకెట్టునుండి వచ్చి చేరును. ఎరువుల సంచి అసలే పనికిరాదు. చేరిన మట్టిని నీడలో ఆరబెట్టి, గడ్డలు చిదిపి, గుండ్రముగా పరచి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు పారవేసి, మిగిలినదానిని మరల కలిపి మరల నాలుగు చేయుచు, అర కిలో మిగులువరకు ఇట్లే చేయవలెను. మన స్త్రీలు ధాన్యపు రాశినుండి వంతులు తీయు నేర్పు ఇందులో పనికివచ్చును. చీటీ పెన్సిలుతోనే వ్రాయవలెను. సిరా చెమ్మకు చెదరును. ఒక చీటీ సంచి లోపల, ఒకటి వెలుపల.

ఈ నియమములన్నియు ఆ సహాయకునికి తెలియును. తెలిసినను పాటించుట ఎట్టి స్థితిలోనో కొంచెము ఆలోచింపుడు. వైశాఖ మాసపు ఎండ. ఎండిన రేగడి ఇటుకవలె ఉండును, పార దిగదు. చల్కలో గులక తగిలి బర్మా తిరుగదు. దినమునకు ఇన్ని నమూనాలని పైనుండి లెక్క. రాత్రి బస ఎక్కడో తెలియదు. జీతము నెల జీతముగ గాక నమూనాకు ఇంతయని గూడ కొన్ని చోట్ల ఉండును. ఇట్టి మనిషి బాట ప్రక్కనున్న చెట్టు నీడలో నిలిచి, మూడు గుంటలు త్రవ్వి, మూడు చీటీలు వ్రాసికొని పోయినచో అతనిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. అతని వెంట ఊరివారెవరును నడువలేదు గదా! పది హెక్టారుల బీటిలో ఒంటరిగా నడచువాడు నీడను వెదకును. అతని వెంట ఒక వార్డు సభ్యుడు, ఒక పశువుల కాపరి, ఒక ముసలి రైతు నడచినచో అతడు నేలను వెదకును. నా అనుభవములో మంచి నమూనాకును చెడ్డ నమూనాకును నడుమ భేదము చాలసార్లు ఇంతమాత్రమే.

దూరపు దేశమైనను అమెరికా సంగతి ఒకటి ఇచట చెప్పదగినది. ఆ దేశపు పశ్చిమ రాష్ట్రములలో సుమారు 24 కోట్ల ఎకరముల ప్రభుత్వ భూమి ఒకే శాఖ పాలనలో ఉన్నది; అందులో అధిక భాగము పశువుల మేతకు అనుమతింపబడిన బీడే. అక్కడను వేసవిలో నేలను, గడ్డిని పరీక్షించు పనికి యువకులను కొన్ని నెలల కొరకే నియమించుచుందురు. అయితే పరీక్షింపవలసిన స్థలములను వారు తమకు తోచినట్లు ఎన్నుకొనుటకు వీలులేదు. చీటీలు వేసి తీసినట్లుగా కార్యాలయములోనే పటముపై బిందువులు నిర్ణయించి చేతికిత్తురు. ఆ బిందువు రాతిగుట్టపై పడినను, దారి లేనిచోట పడినను దానియొద్దకు పోవలెను. పోలేనిచో పోలేకపోయిన కారణము వ్రాయవలెను. మనకు అంతటి ఏర్పాటు లేకపోయినను, ‘నీడ ఉన్నచోట కాదు, నిర్ణయించుకొన్న చోట’ అను నియమమును పంచాయతీ తన తీర్మానములో వ్రాసికొనుటకు అడ్డమేమియు లేదు.

పై పొరను తీయుట ఈ పనిలో ఒక భాగము మాత్రమే. గడ్డికి పై పొర చాలును గాని చెట్టునకు చాలదు. చెట్లు నాటదలచిన చోట 30, 60, 90 సెంటీమీటర్ల లోతులలో వేరువేరుగా మట్టి తీయవలెను. మృత్తికా సర్వేకు వచ్చువారైనచో మనిషి దిగి నిలుచునంత గొయ్యి, ఒకటిన్నర మీటర్ల లోతునకో, రాయి తగులువరకో త్రవ్వింతురు. 1958లో ఏర్పడిన అఖిల భారత మృత్తికా, భూవినియోగ సర్వే సంస్థయు, 1976లో నాగపూరు కేంద్రముగా స్థాపింపబడిన జాతీయ మృత్తికా సర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థయు తయారు చేసిన పటములన్నింటికి మూలము ఇట్టి గోతులే. ఆ గోతి గోడ ఒక గ్రంథము. దానిని చదువుట సహాయకుని విద్య. చదువునప్పుడు మీరును ప్రక్కన నిలిచి చూడవలెనని నా కోరిక; ఎందుకనగా ఇందులో అధిక భాగము కంటికిని చేతికిని తెలియునదే, యంత్రములతో పనిలేనిది.

మొదట రంగు. వారి సంచిలో చిన్న చిన్న రంగు బిళ్లలు అంటించిన పుస్తకమొకటి ఉండును. ఆల్బర్ట్ మున్సెల్ అను అమెరికా చిత్రకళోపాధ్యాయుడు 20వ శతాబ్దపు తొలినాళ్లలో రూపొందించిన వర్ణక్రమము అది. మట్టి గడ్డను బిళ్ల ప్రక్కన పెట్టి సరిపోల్చుదురు. ఎఱుపు ఇనుము వలన వచ్చినది. అట్టి నేలలో గాలి ఆడును, నీరు దిగిపోవును. బూడిద రంగులో నడుమ నడుమ తుప్పు మచ్చలు కనబడినచో ఆ లోతున సంవత్సరములో కొన్ని మాసములు నీరు నిలుచుచున్నదని అర్థము. అచట టేకు నాటుట సొమ్మును నీటిలో పోయుటయే. ఈ ఒక్క ముక్క వేసవిలో తెలిసికొన్న పంచాయతీకి వానకాలములో ఎంత వ్యయము తప్పునో ఊహింపుడు.

తరువాత చేతి పరీక్ష. పిడికెడు మట్టిని నీటితో తడిపి, రొట్టెల పిండివలె పిసికి, బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ నొక్కుచు పట్టీవలె బయటకు త్రోయుదురు. పట్టీ రెండున్నర సెంటీమీటర్లు సాగకముందే తెగినచో అది తేలిక నేల. ఐదు సెంటీమీటర్లు మించి సాగినచో బంకమట్టి. గరగరలాడినచో ఇసుక. పిండివలె మెత్తగా ఉండియు అంటుకొననిచో ఒండ్రు రేణువులు ఎక్కువ. ఊరి కుమ్మరికి ఈ పరీక్ష ఎవరును నేర్పనక్కరలేదు. వచ్చిన సహాయకుడు యువకుడైనచో, ఒకసారి కుమ్మరిచేత గూడ ఆ మట్టిని పట్టించి చూపుడు, ఇద్దరికిని సంతోషమే.

పిమ్మట ఒక చిన్న సీసాలోని పలుచని ఆమ్లమును గోతి గోడపై చుక్కలు చుక్కలుగా వేయుదురు. బుసబుస పొంగినచో సున్నమున్నది. రేగడి నేలల క్రింద సున్నపు గులకలు చాలచోట్ల కలవు. ఏ లోతున పొంగు మొదలైనదో వ్రాసికొందురు. ఆ లోతు చెట్ల ఎంపికను నిర్ణయించును. ఇక గోతిలో వేళ్లు ఎంతవరకు దిగినవి, ఎక్కడ ఆగి ప్రక్కకు మళ్లినవి అనునది గూడ చూతురు. కొంత లోతు క్రింద గట్టి మొరము పలక ఉన్నదనుకొనుడు. పైన చూచువారికి ఆ బీడు ఎఱ్ఱగా, మెత్తగా, అందముగా ఉండును. అడుగు లోతు గుంటలు తీసి వేలకొలది మొక్కలు నాటుదురు. మొదటి సంవత్సరము చిగురించును. రెండవ వేసవికి పలక తగిలిన వేళ్లకు నీరు దొరకక ఒక్కటొక్కటిగా మాడిపోవును. పశువులు తినివేసినవని కాపరిని, నీరు పోయలేదని పనివారిని, చివరకు వానదేవుని గూడ నిందింతుము. పలకను ఎవరును నిందింపరు. దానిని ఎవరును చూడలేదు గనుక. బర్మాతో పది చోట్ల తొలిచిన ఒక్క ఉదయపు పనితో ఆ సంగతి బయటపడియుండును. అప్పుడు లోతైన కందకములు తీసి పలకను పగులగొట్టి నాటుటయో, లేదా చెట్ల ఊహ మాని సీతాఫలమువంటి రాతినేల మొక్కలను, గడ్డిని పెంచుటయో నిశ్చయించుకొనవచ్చును.

చౌడు విషయము ఇంకొక విధము. మన భాషలోనే రెండు చౌడులకు రెండు పేర్లున్నవి. తెల్లచౌడు వేసవిలో ఉప్పు పూసినట్లు పైకి తేలును. ఇది లవణముల వలన కలిగినది. కారుచౌడు నల్లగా, తడిసినప్పుడు జారుడుగా, ఎండినప్పుడు బండగా ఉండును. ఇది సోడియము వలన కలిగినది. మొదటిదానికి మురుగు కాలువ తీసి మంచి నీటితో కడుగుట మందు. రెండవదానికి జిప్సము వేసి పిదప కడుగవలెను. తెల్లచౌడునకు జిప్సము వేసిన ప్రయోజనము లేదు. కారుచౌడును ఊరక కడిగిన అది మరింత బిగియును. పరీక్షా పత్రములో ఉదజని సూచిక, లవణ సూచిక అని రెండు అంకెలుండును. ఉదజని సూచిక ఎనిమిదిన్నర దాటినచో కారుచౌడును శంకింపవలెను. లవణ సూచిక నాలుగు దాటినచో లవణము మితిమీరినట్లు. ఈ రెండంకెలు చదువ నేర్చిన సభ్యుడు జిప్సము కొనుగోలు తీర్మానముపై కన్నులు మూసికొని సంతకము చేయడు. చౌడు బీటిలో చెట్లే కావలెనన్నచో కానుగ, నల్లతుమ్మ వంటివి కొంత ఓర్చుకొనును.

సేంద్రియ కర్బనమును గూర్చి ఒక్క మాట. నూటికి అర పాలు లోపుగా ఉన్నచో తక్కువ, ముప్పాతిక దాటినచో ఎక్కువ అని మన ప్రయోగశాలల వాడుక. అతిగా మేసిన బీళ్లలో ఇది బాగుగా పడిపోవును. ఐదేండ్లకొకసారి అదే చోట, అదే పద్ధతిలో మట్టి తీసి చూచినచో బీడు కోలుకొనుచున్నదా, కృశించుచున్నదా అనునది ఆ అంకె చెప్పును. అదే చోట అను మాటను గమనింపుడు. ఈ సంవత్సరము గుట్ట వాలున, మరియొకసారి పల్లములో తీసిన మట్టిని పోల్చి బీడు బాగుపడినదని సంతోషించుట పిల్లల ఆట వంటిది.

చెరువు మట్టి సంగతి మీకందరకు ఆసక్తికరము. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో పూడిక మట్టిని రైతులు తమ చేలకు తోలుకొన్నారు. పూడిక మంచిదే. కాని అది అన్ని నేలలకు ఒక్క తీరున మంచిది కాదు. ఇసుకపాలు ఎక్కువైన చల్కకు, దుబ్బకు బంకతో గూడిన పూడిక బలమిచ్చును, తేమను నిలుపును. ముందే బంకగా ఉన్న రేగడికి దానివలన లాభము స్వల్పము. లవణము చేరిన చెరువు మట్టిని తోలుకొన్నచో నష్టము గూడ కలుగవచ్చును. చెరువు గర్భము ఉమ్మడి భూమి. దాని మట్టిని పంచిపెట్టుటకు ముందు నాలుగైదు చోట్ల నమూనా తీయించి, ఏ నేలకు తోలదగినదో గ్రామసభలో చదివి వినిపించుట మీరు సులభముగా చేయదగిన పని.

ఇంతవరకు సహాయకుడు చూచు విషయములు చెప్పితిని. అతడు చూడలేనివి కొన్ని ఉన్నవి. బీటిలో ఏ మూల పశువులు ఆకలితో ఉన్నను మూతి పెట్టవో, ఏ పల్లములో కార్తిక మాసము వరకు చెమ్మ ఆరదో, ఏ గట్టు క్రింద పూర్వము బావి ఉండెడిదో, ఏ చెలక ముప్పది యేండ్ల క్రిందట సాగులో ఉండెనో అతనికి తెలియదు. వేసవిలో వచ్చువానికి నేల ఒక్క ముఖమే చూపును. మిగిలిన ఋతువుల ముఖము కాపరులకు, కూలికి పోవు స్త్రీలకు, వంటచెరకు ఏరుకొనువారికి తెలియును. వీరిలో చాలమంది పంచాయతీ సమావేశములకు రారు. వారిని పిలిచి బీటివద్దకు తీసికొని పోవుడు. వారు చెప్పినది సహాయకుని పుస్తకములో చేర్పింపుడు. శాస్త్రము దానిని అవమానముగా భావింపదు. భావించు సహాయకుడున్నచో ఆ లోపము అతనిది, శాస్త్రముది కాదు.

ఊరిలో ఒక భయము గూడ ఉన్నది. కొలత పట్టీ పట్టుకొని బీటిలో తిరుగువానిని చూడగానే, భూమి లాగుకొనుటకు వచ్చినారని గుసగుసలు లేచును. ఆక్రమించుకొని సాగు చేయువారికి భయము మరింత. గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను గూర్చి సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో గట్టి తీర్పు ఇచ్చినది. వానిని తొలగించుటకు పథకములు వేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఆ విషయమును నడుపుటకు రెవెన్యూ సిబ్బంది, సర్వే రాళ్లు, దస్త్రములు వేరుగా ఉన్నవి. మట్టి తీయువాడు హద్దులు తీర్చువాడు కాడు. అతని నోటుపుస్తకము హక్కునకు సాక్ష్యము కాదు. ఇరుపక్షములవారు అతనిని తమ తగవులోనికి లాగకుండ చూచుట మీ బాధ్యత. ముందు రోజున దండోరా వేయించి, ఎవరు వచ్చుచున్నారో, ఎందుకు వచ్చుచున్నారో చెప్పించినచో సగము భయము తీరిపోవును. మిగిలిన సగము, వచ్చినవానిని మీరు పేరు పెట్టి పిలిచి పరిచయము చేసినప్పుడు తీరును.

అతని వసతి విషయము చిన్నదిగా కనిపించును గాని చిన్నది కాదు. తెల్లవారుజామున ఐదున్నరకే బీటిలో ఉండగలిగినచో ఎండ ముదురకముందే మంచి పని జరుగును. అట్లు జరుగవలెనన్న రాత్రి ఊరిలోనే నిలువవలెను. పాఠశాలలో ఒక గదియో, పంచాయతీ కార్యాలయపు వసారాయో చూపుడు. ఇప్పుడు ఈ పనికి ఆడపిల్లలు గూడ వచ్చుచున్నారు. వారికి భద్రమైన బస, వెంట నడచుటకు ఊరి స్త్రీ ఒకరు ఉండుట అవసరము. కుండ నీళ్లు, మజ్జిగ ఇచ్చుటకు తీర్మానములు అక్కరలేదు. ఇక త్రవ్విన గోతిని పని ముగిసిన దినముననే పూడ్పింపవలెను. పూడ్చుట సాయంత్రమునకు వాయిదా వేసినచో చుట్టు ముండ్లకంప వేయవలెను. రాత్రివేళ దూడలు పడినవన్న ఫిర్యాదు వచ్చిన పిదప ఆ ఊరిలో మరల గొయ్యి త్రవ్వనీయరు.

నేను అన్నింటికంటె ముఖ్యముగా చెప్పదలచినది ఇది. సహాయకుడు ఋతువుతో వచ్చి ఋతువుతో పోవును. మరుసటి వేసవికి అతడే వచ్చునను నమ్మకము లేదు. అసలు ఆ ఉద్యోగములోనే ఉండడు. మట్టి మూటలు ప్రయోగశాలకు పోవును, అంకెలు దస్త్రములలో చేరును. బీటిలో ఎక్కడ పలక తగిలినదో, ఎక్కడ తుప్పు మచ్చలు కనబడినవో, కాపరి ఏమి చెప్పెనో అవన్నియు అతని తలలోను, అతని నోటుపుస్తకములోను ఉండి అతనితోనే వెళ్లిపోవును. ఐదేండ్లకు మరియొక కుర్రవాడు వచ్చి, మరల అదే బీటిలో, మొదటినుండి మొదలుపెట్టును. మధ్యలో మీరు మూడు పథకముల క్రింద మూడుసార్లు మొక్కలు నాటియుందురు.

కావున పంచాయతీ కార్యాలయములో ఒక మట్టి పుస్తకము ఉంచుడు. గట్టి అట్టగల మామూలు లెక్కల పుస్తకము చాలును. మొదటి పుటలో ఉమ్మడి భూముల చిత్తు పటము. సర్వే నంబర్లు, బాటలు, చెట్లు, బావులు. పటములో నమూనా తీసిన ప్రతి చోటికి ఒక అంకె. ఆ అంకెకు ఎదురుగా తేది, తీసినవారి పేరు, వెంట నడచినవారి పేర్లు, లోతు, రంగు, చేతి పరీక్ష, ఆమ్లపు పొంగు, రాయి తగిలిన లోతు, కాపరి మాట. సహాయకుడు ఊరు విడుచుటకు ముందు ఇవి అతని చేతనే వ్రాయించి, ప్రక్కన సర్పంచి సంతకము చేయవలెను. ప్రయోగశాల ఫలితము వచ్చినప్పుడు అందులోనే అంటింపవలెను. రెండు మాసములలో ఫలితము రానిచో ఉత్తరము వ్రాయవలెను. ఆ ఉత్తరపు నకలు గూడ అందులోనే. ఉమ్మడి భూములలో ఏ పనికైనను తీర్మానము చేయుటకు ముందు ఈ పుస్తకమును సమావేశపు బల్లపై తెరచి ఉంచవలెను. ఫలితము అనుకూలముగా లేనప్పుడు మంజూరైన పనిని గూడ మార్చుమని అడుగుటకు వెనుదీయరాదు. లక్ష్యము నెరవేరలేదన్న మాట వచ్చును, రానిండు. ఎండిన మొక్కల లెక్కకంటె ఆ మాట తేలికయే.

ఇందులో కష్టమైన భాగము పుస్తకము వ్రాయుట కాదు, ఎన్నికలు మారినను దానిని నిలుపుట. పాత పాలకవర్గము ఉంచిన పుస్తకమును క్రొత్తవారు మూలన పడవేయుట మనకు క్రొత్త కాదు. బాధ్యతలు అప్పగించునప్పుడు ఇచ్చు జాబితాలో నగదు పుస్తకముతో పాటు మట్టి పుస్తకమును గూడ చేర్పించుకొనుడు.

మధ్యాహ్నము నాలుగు గంటలకు, ఎండ తగ్గిన పిదప, ఈ శిక్షణ కేంద్రము వెనుకనున్న బీటికి పోవుదము. అచట ఒక గొయ్యి త్రవ్వించి యుంచినారు. ఆమ్లపు సీసా, రంగుల పుస్తకము తెప్పించినాము. పది మందికి ఒక పార చొప్పున ఉన్నవి. ప్రతి జట్టును తానుగా బీటిని భాగములు చేసి, నడచి, అర కిలో మట్టి తీసి తేవలెను. ఏ జట్టు ఎచట త్రవ్వెనో పటముపై గుర్తింతము. మజ్జిగ కుండ చెట్టు క్రిందనే పెట్టించినాము గాని, మట్టి మాత్రము అచట తీయకుడు.